అలలు వెనక్కి తగ్గిన చోట

హవాయి అలల వీరుడు డ్యూక్ కహనమోకు 1912, 1920 ఒలింపిక్స్‌లో ఈత స్వర్ణాలు గెలిచాడు. సర్ఫింగ్‌ను ప్రపంచానికి చూపించాడు. అతనికి విగ్రహాలున్నాయి. బొంబాయి కట్టిన మన కామాఠీలకు మిగిలింది ఒక పేట పేరు, దానికీ చెడ్డపేరే అంటగట్టారు. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును అడ్డుకున్నాక, నిజాం ఇలాకా నుంచి వచ్చిన ఈ కూలీలు అక్కడి పల్లపు నేలలో స్థిరపడ్డారు. తట్టలు మోశారు, గోడలు లేపారు.

గోడలు లేపే సుతారి పనిముట్లలో నాకు నచ్చేది దారానికి కట్టిన తూకం గుండు. గోడ పక్కన వేలాడదీసి, ఊగడం ఆగేదాకా ఒంటికన్నుతో చూస్తాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వరుస విప్పాల్సిందే. సర్ఫర్ తప్పితే నీళ్లలో పడతాడు. సుతారి తప్పితే పడేది పై అంతస్తు. అందుకే, తొందరపెట్టే యజమానిని కసురుకునే సుతారి అంటే నాకు గౌరవం.