లూపు పట్టిన చెయ్యి

2009లో అమెరికాలోని అలబామా క్యాట్‌ఫిష్ చెరువుల్లో, అమ్మకానికి ఎదిగొచ్చిన చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. కారకం ఏరోమోనాస్ హైడ్రోఫిలా. మన కొల్లేటి రైతులు ఎరిగిన బాక్టీరియానే. మామూలుగా నీరసించిన చేపను పట్టే ఇది, అక్కడ నిక్షేపంగా ఉన్నవాటినీ చంపింది.

ఆ చిక్కుముడి విప్పినవాళ్ల పనితనం చూడండి. చేప కుళ్లకముందే కోయాలి. మూత్రపిండంలో సన్నని తీగ లూపు గుచ్చి, బాక్టీరియాను పెంచే అగర్ పళ్లెం మీద గీయాలి. పేగుల్లోని సూక్ష్మజీవులు కలిశాయా, పనంతా దండగే. మర్నాడు మొలిచిన చుక్కల్లో ఒక్కదాన్నే ఏరి, మళ్లీ పెంచి, డీఎన్‌ఏ తీయాలి. డీఎన్‌ఏను చదివే సీక్వెన్సింగ్ యంత్రం చదివేది చిన్నచిన్న తునకలనే. చిరిగిన పంచాంగాన్ని అతికించినట్టు, దాదాపు 50 లక్షల అక్షరాలను కంప్యూటర్లో వరస కూర్చాలి. పేరంతా యంత్రానికి పోతుంది గానీ, నన్నడిగితే సగం విద్య లూపు పట్టిన చేతిదే.

2014లో వెలువడిన డీఎన్‌ఏ పోలికల్లో, అలబామా బాక్టీరియా చైనాలో జబ్బుపడ్డ గడ్డిచేప నుంచి తీసినదానికి దగ్గర చుట్టమని తేలింది. మయో-ఇనాసిటాల్ అనే చక్కెర జాతి పదార్థాన్ని తిని బతకడానికి తోడ్పడే జన్యువులూ అలబామా బాక్టీరియాలో దొరికాయి. దాంతో ఒక చవక పరీక్ష పుట్టింది: ఆ పదార్థం ఒక్కటే తిండిగా పెట్టిన ద్రావణంలో ఏరోమోనాస్ పెరిగితే, అది ఈ మహమ్మారి రకమేనని అనుమానించాలి. సీక్వెన్సింగ్ యంత్రం లేని ల్యాబు కూడా చేసుకోగలదు.