తలుపు బండి ఎక్కిన పిలకాయలు

తమిళనాట తెలుగువాళ్ళు రాస్తున్న కథల్లో ఒక తాత నాకు పదేపదే ఎదురవుతున్నాడు. ఆయన వసారాలో కూచుని భాగవతం చదువుకుంటూ ఉంటాడు. మనవడు బడినుంచి వచ్చి తమిళంలోనో ఇంగ్లీషులోనో ఏదో అడుగుతాడు. తాత కళ్ళు చెమరుస్తాయి. అక్కడితో కథ అయిపోతుంది. పేర్లు మారుతాయి, ఊరు మారుతుంది, తాత మాత్రం మారడు.

ఈ కథల్లో నన్ను బాధపెట్టేది తాత కన్నీరు కాదు. మనవడు ఏమడిగాడన్నది రచయిత చెప్పకపోవడం. వాడికి ఆకలేసిందా? బడిలో ఎవడితోనైనా కొట్లాడి వచ్చాడా? పక్కింటి పిల్లవాడు ఆటలో చేర్చుకోలేదా? కథలో వాడికి నోరు లేదు. తాత దుఃఖానికి వాడొక సాకు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అది ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకి పదో తరగతి చేరింది. ఆ తరవాత ఇటువంటి కథలు మరీ ఎక్కువయ్యాయి. కోపానికి కారణం ఉంది, కాదనను. కానీ పిల్లవాడు మనిషిగా ఎదిగేది బడిలోకంటే ముందు ఇంట్లో, వాకిట్లో. అక్కడ ఏం జరుగుతున్నదో చూడకుండా బడి గురించి ఎంత ఏడ్చినా అది సగం సాహిత్యమే.

ఈ మాట చెప్పడానికి నాకు తోడు దొరికిన కథ తెలుగులో లేదు. తమిళంలో ఉంది. రాసినవాడు మాత్రం మనవాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ అనే పల్లెలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1923లో పుట్టి, 2021లో పుదుచ్చేరిలో కన్నుమూసిన కి. రాజనారాయణన్. ఆయన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తెలుగువాళ్ళు దక్షిణానికి వలసపోయిన కథ చెప్పాడు గనక మన సభల్లో ఆ నవల గురించీ, దానికి ముందు వచ్చిన 'గోపల్ల గ్రామం' గురించీ మాట్లాడుతుంటారు. 'కదవు' అనే చిన్న కథను మాత్రం ఎవరూ ఎత్తరు. 'కదవు' అంటే తలుపు.

కథ ఇంతే. ఒక బీదయింటికి పాతదైనా గట్టి తలుపు ఒకటుంది. లక్ష్మి, ఆమె తమ్ముడు శ్రీనివాసన్, వీధి పిలకాయలు ఆ తలుపెక్కి బస్సాట ఆడుకుంటారు. టిక్కెట్లు కొడతారు, ఊళ్ళ పేర్లు కేకేస్తారు, వంతులవారీగా ఎక్కుతారు, దిగుతారు. ఎక్కడో దొరికిన అగ్గిపెట్టె బొమ్మను తెచ్చి తలుపుకు అంటిస్తారు. తండ్రి కూలిపనికి మణిముత్తారు వెళ్ళాడు, నెలల తరబడి జాబు లేదు. తల్లి రంగమ్మ కూలికి పోతే చంటివాణ్ణి చూసుకునేది లక్ష్మే. పన్ను బాకీ ఉందని తలారి మనుషుల్ని వెంటబెట్టుకొని వచ్చి తలుపు పీకించుకుపోతాడు. తలుపులేని ఇంట్లోకి చలిగాలి కొడుతుంది. చంటివాడు చచ్చిపోతాడు. కొన్నాళ్ళకు ఊరి చావడి వెనక చెదలు పట్టి ఆనించి ఉన్న తలుపు శ్రీనివాసన్ కంటబడుతుంది. పరుగున పోయి అక్కను పిలుచుకొస్తాడు. పిల్లలిద్దరూ దాన్ని గట్టిగా పట్టుకుంటారు.

దీన్ని పేదరికం మీద రాసిన కథ అని పక్కన పెట్టేసేవాళ్ళున్నారు. పేదరికం ఉంది, ప్రభుత్వపు క్రౌర్యం ఉంది. నేను చూసేది మొదటి పేజీ. ఆ ఇంట్లో పెంపకం అన్న మాట అనడానికి పెద్దలెవరూ లేరు. తండ్రి లేడు, తల్లికి తీరిక లేదు. అయినా పిల్లలు మనుషులతో మెలగడం నేర్చుకుంటున్నారు. ఎవరు ముందెక్కాలి, ఎవరు నెట్టాలి, చిన్నవాళ్ళని ఎప్పుడు ఎక్కించుకోవాలి - ఇదంతా ఆ తలుపు మీదే తేలుతుంది. అందుకు కావలసింది ఒక్కటే: ఇంటి తలుపు వీధి పిలకాయలకు తెరిచి ఉండటం. రంగమ్మ బిడ్డలకు నీతులు చెప్పినట్టు కథలో ఎక్కడా లేదు. పక్కింటి బిడ్డల్ని వెళ్ళగొట్టినట్టు కూడా లేదు. తలారి తలుపు ఎత్తుకుపోయినప్పుడు పోయింది చలికి అడ్డు ఒక్కటే కాదు, ఆ పిల్లల కూడలి కూడా. చివర్లో వాళ్ళు అంత గట్టిగా పట్టుకున్నది దాన్నే అని నా నమ్మకం.

ఈ కథను మా గుమ్మిడిపూండిలో కొందరు పిలకాయలకు నోటితో చెప్పాను. పుస్తకం పట్టుకుని చదవలేదు. వాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు, తమిళం చదివితే నా నోట కి.రా. యాస పలకదు. మా ఊరి సంగతి మీకు తెలిసిందే. మద్రాసు నుంచి గూడూరు పోయే రైలుదారిలో రాష్ట్రం ఇక అయిపోతుందనగా వస్తుంది. ఆరంబాకం దాటితే తడ. సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినప్పటినుంచీ ఇళ్ళు షిఫ్టుల ప్రకారం నడుస్తున్నాయి. నాయన రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు నిద్రపోతాడు, అమ్మ పొద్దున్నే కంపెనీ బస్సెక్కుతుంది. చాలా ఇళ్ళకు పగలు తాళం, లేదా లోపలినుంచి గడియ. తాళంచెవి మెడలో వేసుకున్న లక్ష్ములు మా వీధిలో నలుగురైదుగురున్నారు.

కథ విని ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. ఏడో తరగతి చదివే ఒక పిల్ల అడిగింది: "ఆ యక్క తమ్ముణ్ణి ఒక్కసారి గూడా తిట్టలేదేంది?" ఇంకొకడు, "మా ఇంట్లో తలుపెక్కితే మా నాయన నిద్ర చెడిపోద్ది, తంతాడు" అన్నాడు. తతిమ్మా పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తలుపు ఎత్తుకుపోవడానికి తలారే రానక్కర్లేదని వాడు ఒక్క మాటలో చెప్పేశాడు. నాయన చెడ్డవాడు కాడు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చినవాడు. పెంపకం గురించి మనం రాసే రాతల్లో ఈ నిద్రకు చోటు లేదు.

పిల్లల పెంపకమనగానే తెలుగులో మొదట గుర్తొచ్చే పేరు చలం, పుస్తకం 'బిడ్డల శిక్షణ'. కొట్టడాన్నీ భయపెట్టడాన్నీ, బిడ్డ అంటే తమ సొత్తనుకునే పెద్దల అహంకారాన్నీ ఆయనలా ఎండగట్టినవాళ్ళు తక్కువ. ఉద్యోగరీత్యా బడులు తనిఖీ చేసిన మనిషి, బడుల లోగుట్టు తెలిసి రాశాడు. ఆ ధైర్యానికి ఇప్పటికీ దణ్ణం పెట్టవచ్చు. కాని ఆ పుస్తకం చదువుతుంటే నాకు గదిలో ఒక తల్లి, ఒక తండ్రి, ఒక బిడ్డ మాత్రమే కనిపిస్తారు. పక్కింటివాళ్ళు, వీధి, పినతల్లి, మేనమామ కనబడరు. కనబడినా అడ్డంకులుగానే. ఆయనకు ఆ గుంపు ఊపిరాడనివ్వని గుంపు. నిజమే, ఆనాటి ఆయన సమాజం అలాంటిదే. మా ఊళ్ళో తాళం వేసిన ఇంట్లో టీవీ ముందు, ఇప్పుడు సెల్‌ఫోను ముందు కూచున్న పిల్లవాడికి మాత్రం ఆ గుంపులో నాలుగో వంతు దొరికినా బతుకుతాడు.

ఆ గుంపు కావాలంటే నామిని దగ్గరికి పోవాలి. 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు', 'మిట్టూరోడి కతలు' - ఇవి చిత్తూరు జిల్లా మాటలో ఉన్నాయి గనక సత్యవేడు అవతలివాళ్ళకూ ఇవతలి మాకూ చెవికి పరాయిగా ఉండవు. పిల్లల్ని 'పిలకాయలు' అనే ఊళ్ళు మావి. నెల్లూరు జిల్లా నుంచి మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చింది. బీద ముస్లిం కుటుంబంలోని కుర్రవాడు చుట్టుపక్కల హిందూ ఇళ్ళ మధ్య పెరగడం అందులో ఉంది. ఈ పుస్తకాలను చిన్ననాటి ముచ్చట్లనీ, పాత రోజుల మీద బెంగ అనీ అనేశారు కొందరు విమర్శకులు. అది అన్యాయం. ఈ కతల్లో పిల్లవాడు పెద్దల మాటల మధ్యే ఉంటాడు. అప్పు ఎలా అడగాలో, అవమానం ఎలా మింగాలో, పొద్దున తిట్టుకున్నవాళ్ళు సాయంత్రానికి చేబదులు ఎలా తీసుకుంటారో వింటూ పెరుగుతాడు. వాడికెవరూ పాఠం చెప్పరు. వాణ్ణి పక్కకు పొమ్మని కూడా అనరు. పిల్లవాడికి సంఘం అబ్బేది ఇట్లాగే.

ఐతే ఒక పేచీ ఉంది. ఈ కతల్లో దెబ్బలు నవ్వుగా మారిపోతాయి. అమ్మ చీపురుకట్ట తిరగేయడం, అయ్యవారు బెత్తం విరగ్గొట్టడం - పెద్దయిన రచయిత వెనక్కి చూసి నవ్వుతాడు, మనల్నీ నవ్విస్తాడు. దెబ్బ తగిలిన నాడు పిల్లవాడు నవ్వలేదు గదా. ఆనాటి వాడి మొహం కతలో అప్పుడప్పుడే కనబడుతుంది. కి.రా. ఈ పని చెయ్యడు. ఆయన పెద్దవాడై వెనక్కి చూడడు. పిల్లల ఎత్తుకు వంగి కూచుంటాడు.

ఇక భాష. ఇంట్లో తెలుగు మాట్లాడితే చాలు, తెలుగు నిలుస్తుందని మనం సభల్లో చెబుతాం. మా వీధిలో తెలుగు మాట్లాడని తెలుగిల్లు లేదు. ఏం మాట్లాడతారో ఒక సాయంత్రం చెవి ఒగ్గి వినండి. రా. తిను. చదువు. ఆపు. పండుకో. ఇంట్లో మిగిలింది ఆజ్ఞలు, వాటికి ఊ కొట్టడాలు. స్నేహితుణ్ణి ఆటపట్టించడం, అలగడం, బుజ్జగించడం, బేరమాడటం, అబద్ధమాడి దొరికిపోవడం - ఈ పనులన్నీ పిలకాయలు తమిళంలో చేసుకుంటారు, ఎంతో చక్కగా చేసుకుంటారు. తమిళం మాట్లాడినందుకు వాళ్ళను తప్పుపట్టను. వీధిలో కూడగట్టుకున్న అణ్ణలు, అక్కలు వాళ్ళ ఆస్తి. నేనడిగేది ఇంటిని. పిల్లవాడు తెలుగులో ఎదురుచెప్పడానికి ఎక్కడైనా చోటుందా? ఎదురు చెప్పలేని భాషలో ఎవడు స్నేహం చేస్తాడు?

మన కథల్లోని తాత ఈ ప్రశ్న వేసుకోడు. 1947 జూలైలో మద్రాసులో 'చందమామ', 'అంబులిమామ' ఒకేసారి పుట్టాయి. ఒకే కథ రెండు భాషల్లో వస్తే, అవ్వ ఒకటి, మనవరాలు ఒకటి చదివి, ఇద్దరూ కథ గురించి వాదించుకున్న ఇళ్ళు మా వైపు ఉండేవి. ఆ వాదన ఏ భాషలో జరిగిందని ఎవరూ లెక్కపెట్టలేదు. అవ్వకు మనవరాలి మాట వినాలని ఉండేది, అంతే. ఇప్పటి కథల్లో తాత వినడం మానేసి చాలా రోజులయింది.

'కదవు' కథను మన మాటలో ఎవరైనా తిరగరాస్తే బాగుంటుంది. గ్రంథాల తెలుగు వద్దు. మా పిలకాయలకు చెప్పినప్పుడు 'లచ్చిమి' అన్నాను, 'సీనడు' అన్నాను, బస్సును సూళ్ళూరుపేట దాకా నడిపాను. ఎక్కడా అడ్డు తగల్లేదు. ఒక్కటే మనవి. తలారిని రెవిన్యూ ఉద్యోగి అనో, గ్రామ సేవకుడనో మార్చవద్దు. తలారి అంటే మా వైపు అందరికీ తెలుసు.