‘ముసలమ్మ ముచ్చటలు’: ఒక అనువాద పదము, దాని వాడుక

మొదటి తిమోతి 4:7లో మన పాత అనువాదము వాడిన ‘ముసలమ్మ ముచ్చటలు’ అనే మాట, ప్రసంగ వేదికలమీద ఆధారము లేని ప్రతి వాదనకు పేరుగా స్థిరపడింది. మూలములో ఉన్న నామవాచకము ‘మూథోస్’. అదే పత్రిక 1:4లో దానినే అనువాదకులు ‘కల్పనాకథలు’ అన్నారు. 4:7లో మాత్రము ‘ముచ్చట’ను ఎంచుకున్నారు. ముచ్చటలో చనువు, ఇష్టము ధ్వనిస్తాయే గాని కల్పన అనే నింద లేదు. అందుచేత నింద అంతా ముసలమ్మమీద పడింది.

‘గ్రాఓదేస్’ అనే విశేషణము గ్రీకు పండితులు ప్రత్యర్థుల మాటను తేలికచేయడానికి వాడినదే. పౌలు గురి ఆ బోధమీద, వృద్ధులమీద కాదు. తిమోతి విశ్వాసమునకు మూలము వెదకినప్పుడు ఆయన మొదట పేర్కొన్నది అవ్వయైన లోయిని (2 తిమోతి 1:5).

మన వాడుక దీనిని తలక్రిందులు చేసింది. చెప్పినది ఎవరో చూచి ముద్రవేస్తున్నాము, రుజువు అడగడము లేదు. “బోర్లు పెరిగాక మా బావి ఎండింది” అని చదువురాని అవ్వ అంటే అది పరీక్షించదగిన మాట. నీటిమట్టము కొలిచి చూడవచ్చు. “ఈ సీమ పాపమువలననే కరవు” అని కోటు తొడిగిన బోధకుడు అంటే దానికి ఆధారమేది? అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. సాలు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. సిలోయము గోపురము కూలి చచ్చిన పద్దెనిమిదిమందిని గూర్చి ప్రభువు ఇటువంటి తర్కమునే త్రోసివేసెను (లూకా 13:4-5). వేరుశనగ ఎండిన రైతును పాపిగా నిలబెట్టే ఆ బోధకే ఈ పేరు సరిగ్గా అతుకుతుంది. దానిని మాత్రము ఎవరూ అలా పిలవరు!

మన ప్రాంతములోనే నిజముగా ముసలమ్మ కథ ఒకటి ఉన్నది. బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగబోగా ప్రాణమర్పించిన ముసలమ్మ పేరుకే ముసలమ్మ, కథలో ఆమె ఇంటి కోడలు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ కావ్యముగా వ్రాసినది ఈమె కథనే. ఆమె బలివలన నీరు ఆగెననుటకు రుజువు లేదు. కాని చెరువు ఉన్నది, కట్ట తెగునను భయము ఉండినది, ఆ భయమును తరతరాలు చెప్పుకున్న నోళ్లు ఉన్నవి. ఈ రెంటినీ వేరుచేయకుండ మొత్తమును ఒక్క మాటతో కొట్టివేసే విమర్శకుడు తన తీర్పునకు కూడ ఆధారము చూపవలసియున్నది.