బీరు శైలులను నిలబెట్టింది ఇంటి పొయ్యే

బీరంటే మన దగ్గర చాలామందికి తెలిసినవి రెండే రకాలు: లైట్, స్ట్రాంగ్. సీసా మీద బొమ్మ మారుతుందే తప్ప లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. బాగా చల్లబరిస్తే గాని గొంతు దిగదు. బీరుకు ఇంతకుమించి ఏముంది అని తాగేవాళ్లు అనుకుంటే ఆ తప్పు వాళ్లది కాదు. పోర్టర్, స్టౌట్, బిట్టర్, పిల్స్‌నర్, వైస్‌బియర్, విట్‌బీర్, సేజోన్ అంటూ వందకు పైగా శైలులు ఈనాటికీ ప్రపంచంలో బతికే ఉన్నాయి. ఒక్కోదానికి ఒక ఊరు, ఒక నీరు, ఒక పద్ధతి. ఫ్యాక్టరీలు గిట్టుబాటు కాదని వీటిలో చాలావాటిని వదిలేసిన కాలంలో వాటి రుచి పోకుండా పట్టుకున్నవాళ్లు హోమ్‌బ్రూయర్లు, అంటే ఇంట్లో ఇరవై లీటర్ల గిన్నె పెట్టుకుని సొంతానికి బీరు కాచుకునేవాళ్లు. ఇది అభిమానంతో అంటున్న మాటే. అయినా దానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి.

శైలి ఎలా పుడుతుందో గిన్నె దగ్గరే తెలుస్తుంది. బీరుకు ముఖ్యంగా కావలసినవి నీరు, మాల్ట్, హాప్స్ అనే పూలు, పులియబెట్టే ఈస్ట్. మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యమే మాల్ట్, ఎక్కువగా బార్లీ. దాన్ని బరకగా మరపట్టి గంటసేపు వేడినీళ్లలో ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ వేడి 64 డిగ్రీల దగ్గర నిలిపితే ఈస్ట్ తినగలిగే చక్కెరలే ఎక్కువగా వచ్చి బీరు తేలికగా ఉంటుంది. 69 దగ్గర నిలిపితే ఈస్ట్‌కు లొంగని చక్కెరలు మిగిలి నోరంతా నిండినట్టుంటుంది. ఒక తెల్ల సాసరులో చెంచాడు రసం తీసి అయోడిన్ చుక్క వేస్తారు. చుక్క నల్లబడితే పిండి ఇంకా మిగిలి ఉందన్నమాట, మరికాసేపు ఆగాలి. రంగు మారకపోతే వడగట్టవచ్చు. తర్వాత గంటసేపు మరిగించాలి. మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి, దించే ముందు వేసినవి సువాసననిస్తాయి. పోపు ఎప్పుడు వేయాలో తెలిసిన చేతికి ఈ కిటుకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక నీరు. ఇంగ్లండ్‌లోని బర్టన్ నీటిలో జిప్సం ఎక్కువ కాబట్టి అక్కడి ఏల్ బీరులో చేదు పదునుగా పలికింది. పిల్‌సెన్ నీరు మెత్తనిది కాబట్టి అక్కడ లేతబంగారు రంగు బీరు కుదిరింది. మంచి హోమ్‌బ్రూయర్ ఏ నగరంలో ఉన్నా లవణాలు లేని నీళ్లు తీసుకుని, వాటిలో గ్రాముల లెక్కన జిప్సం కలిపి తన వంటింట్లోనే బర్టన్‌ను సృష్టించుకుంటాడు!

అసలు నేర్పంతా ఈస్ట్‌ను నడిపించడంలో ఉంది. బవేరియా గోధుమ బీరు వైస్‌బియర్‌లో అరటిపండు, లవంగాల వాసన గుప్పుమంటుంది. గిన్నెలో ఆ రెండూ ఉండవు, అదంతా ఈస్ట్ చేసే పనే. మాల్ట్‌ను ముందుగా 45 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే లవంగం వాసన పెరుగుతుందని తెలిసిన చేయి ఆ రెండు వాసనలనూ త్రాసులో తూచినట్టు నిలబెడుతుంది. ఇంకా గొప్ప పరీక్ష పిల్స్‌నర్. బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ 1842లో పిల్‌సెన్‌లో కాచిన ఆ బీరుకు నేటికీ సాటి లేదు. నల్లటి స్టౌట్‌లో చిన్న పొరపాటు దాక్కుంటుంది, పిల్స్‌నర్‌లో దాక్కోవడానికి చోటే లేదు. పది డిగ్రీల చల్లదనంలో నిదానంగా పులియాలి. చివర్లో రెండు రోజులు వేడి కాస్త పెంచి వెన్న వాసన పోగొట్టాలి. ఆ తర్వాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి నిల్వ ఉంచాలి. పాత ఫ్రిజ్‌కు ఒక థర్మోస్టాట్ తగిలించి ఇంట్లో ఇంత పని సాధించేవాళ్లను కళాకారులు అనకపోతే ఇంకెవరిని అనాలి? వీళ్ల పోటీల్లో అమెరికా న్యాయనిర్ణేతలు వేసే 50 మార్కుల్లో రూపానికి దక్కేవి 3, వాసనకు 12, రుచికి 20. సీసా అందానికి అక్కడ విలువ లేదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదంది. అమెరికాలో జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు అనుమతించింది. అదే ఏడాది చార్లీ పపేజియన్ అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్‌ను నెలకొల్పారు. చికో పట్టణంలో హోమ్‌బ్రూ సామాన్ల దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్ డెయిరీల పాత సామగ్రిని కొని 1980లో సియెర్రా నెవాడా బ్రూవరీని మొదలుపెట్టారు. పంపరపనస వాసన వేసే కాస్కేడ్ హాప్స్‌తో ఆయన కాచిన పేల్ ఏల్ ఒక దేశం నాలుకనే మార్చేసింది.

పోయిన శైలులు తిరిగి వచ్చిన తీరు ఇంకా గొప్పది. బెల్జియంలోని హూగార్డెన్ ఊళ్లో 1950లలో చివరి బ్రూవరీ మూతపడడంతో ధనియాలు, నారింజ తొక్క వేసి కాచే విట్‌బీర్ అంతరించింది. పాల వ్యాపారి పియర్ సెలిస్ 1960ల మధ్యలో దాన్ని మళ్లీ బతికించాడు. పోలండ్‌లోని గ్రోజిస్క్ బీరు కథా ఇలాంటిదే. ఓక్ పొగలో ఆరబెట్టిన గోధుమ మాల్ట్‌తో, మూడు శాతం పైచిలుకు ఆల్కహాల్‌తో చేసే ఈ బీరు 1993లో బ్రూవరీ మూతపడడంతో ఆగిపోయింది. ఆ దేశపు హోమ్‌బ్రూయర్లు పాత పద్ధతిని వెతికి, పాత ఈస్ట్‌ను పరీక్షించి, తమ ఇళ్లలో కాచి చూశారు. 2015లో అదే ఊళ్లో బ్రూవరీ మళ్లీ తెరుచుకుంది. పశ్చిమ నార్వే రైతులైతే క్వైక్ అనే ఈస్ట్‌ను ఎండబెట్టి తరతరాలుగా దాచుకుంటూ వచ్చారు. 40 డిగ్రీల వేడిలోనూ శుభ్రంగా పనిచేసే ఆ ఈస్ట్ ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతోంది. ఇవన్నీ ఏ కంపెనీ పరిశోధనశాలలోనో జరిగి ఉంటే అవార్డులు కురిసేవి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఇంట్లో కాచినదంటే నాటుసారా లాంటిదేగా, ప్రాణాల మీదకు తెస్తుందేమో అంటారు కొందరు. మన ఊళ్లలో కల్తీ సారా తీసిన ప్రాణాలు తెలిసినవాళ్లకు ఆ భయం సహజమే. కానీ బీరును బట్టీ పట్టరు, అది మరిగించిన రసం పులిసి అయ్యేది మాత్రమే. శుభ్రత తప్పితే చాలావరకు పుల్లబడి పాడవుతుంది, పారబోస్తారు. కంపెనీలు ప్రతి సీసాలో ఒకే రుచి ఇస్తాయి కదా అనేది రెండో అభ్యంతరం. నిజమే, అది గొప్ప నైపుణ్యమే. అయితే ఎప్పుడూ ఒకటే రుచి ఇవ్వడం వేరు, మంచి రుచి ఇవ్వడం వేరు. ఇక శైలి అంటే సంకెల, సృజనకు అడ్డు అనేవాళ్లున్నారు. రాగం పట్టుబడనివాడు చేసే ప్రయోగాన్ని ఎవరు వింటారు? ధనియాలు వేసిన సెలిస్, కాస్కేడ్ వేసిన గ్రాస్‌మన్ శైలి మర్మం తెలుసుకునే తమ ముద్ర వేశారు.

ఇప్పుడు శైలి అనే ఆ పునాదే కదులుతోంది. పండ్ల సిరప్పు, ఎసెన్సు పోసి, మబ్బులా మసకగా చేసి, రంగురంగుల డబ్బాలో నింపి దానికి క్రాఫ్ట్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. వారాల తరబడి ఆగాల్సిన పిల్స్‌నర్ లాంటి లాగర్‌ను రోజుల్లో బయటికి తోస్తున్నారు. చిన్న బ్రూవరీల పేరును పెద్ద కంపెనీలు కొనేసి, కొత్త యజమాని ఊసు లేకుండా పాత లేబుల్‌తోనే అమ్ముకుంటున్నాయి. తాగేవాళ్లను ఇంతగా మభ్యపెట్టడం దారుణం. ఈ నకిలీకి విరుగుడు నాలుక తెలిసిన మనుషులే. మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం, ఆ చట్టాన్ని పాటించాల్సిందే. అయితే మైక్రోబ్రూవరీకి వెళ్లినప్పుడు ఇది ఏ శైలి, ఏ మాల్ట్, ఎన్నాళ్లు ఉంచారు అని అడగడానికి ఏ చట్టమూ అడ్డురాదు. అడగండి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో విన్నపం: మీ దగ్గర చట్టం అనుమతిస్తుంది, గ్యారేజీలో చోటుంది. సిరప్పుల జోలికి పోకుండా ముందు ఒక సాదా ఇంగ్లిష్ బిట్టర్‌ను తప్పు లేకుండా కాయడం నేర్చుకోండి. అది కుదిరాకే పిల్స్‌నర్‌కు చేయి చాచండి.