దూరమునకు రెండు శిక్షలు

బ్యాటరీ లేని చిన్న పరికరములు, కేంద్రము నుండి వచ్చు రేడియో తరంగముల శక్తిని గ్రహించి, తాము కొలిచిన ఉష్ణోగ్రత, తేమ మొదలగు వివరములను రేడియో ద్వారానే తిరిగి పంపగలవు. ఇట్టివి అనేకము ఒకే ప్రసారమార్గమును పంచుకొనవలసినప్పుడు దేనికి ఎంత కాలము ఇయ్యవలెను? ఈ ప్రశ్నపై సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన హ్యుంగ్‌సిక్ జూ, రుయి జాంగ్ 2014లో ప్రకటించిన పరిశోధన వ్యాసము మిక్కిలి ప్రసిద్ధమైనది. దాని గుణదోషములు పరిశీలింపదగినవి.

వారి పద్ధతి సులభమైనది. ప్రతి కాలఖండములో మొదట కేంద్రము శక్తిని వెదజల్లును. పరికరములు దానిని దాచుకొనును. పిదప ఒక్కొక్కటి తన వంతు రాగానే ఆ శక్తితో వార్తను పంపును. శక్తికి కాలము ఎక్కువైనచో వార్తకు కాలము చాలదు; తక్కువైనచో వార్తకు బలము చాలదు.

చిక్కంతయు దూరముతోనే. ఆరుబయట రేడియో బలము దూరవర్గమును బట్టి తగ్గును. 2 మీటర్ల దూరమున నున్న పరికరముతో పోల్చినచో, 4 మీటర్ల దూరమున నున్నదానికి అందు శక్తి నాలుగవ వంతు. దానితో పంపిన సంకేతము మరల నాలుగవ వంతుకు తగ్గును. ఇద్దరికీ సమాన కాలమిచ్చినను, కేంద్రమునకు చేరునది పదునారవ వంతు మాత్రమే! బ్యాటరీ గల సెల్‌ఫోను దూరమైనకొలది తన బలమును పెంచుకొనగలదు. దీనికి ఆ అవకాశము లేదు.

మొత్తము వార్తను గరిష్ఠము చేయుటయే లక్ష్యమైనచో, దగ్గరివానికే ఎక్కువ కాలము దక్కునని ఈ వ్యాసము నిరూపించినది. కాలువ మొదటి పొలము మునుగుచుండగా శివారు భూమి ఎండినట్లే! అందుకు విరుగుడుగా, దూరపువానికి ఎక్కువ కాలమిచ్చి, అందరి వార్తను సమానము చేయు మార్గమును రచయితలు చూపిరి. ఇది మెచ్చదగినది.

అయినను కొన్ని లోపములు గలవు. సమానత్వమునకై మొత్తము ఫలము తగ్గును. కడపటి బలహీనుడే అందరి వేగమును నిర్ణయించును. అగ్నిప్రమాదమును తెలుపు పరికరమునకును, నేల తేమను కొలుచు పరికరమునకును ఒకే అవసరము ఉండదు గదా! ప్రతి మార్గపు స్థితి కేంద్రమునకు ముందే సంపూర్ణముగా తెలియునని అనుకొనుట మరియొక లోపము. అది తెలిసికొనుటకే బలహీనుని శక్తి కొంత ఖర్చగును. దుకాణములలోని రేడియో గుర్తింపు చీటీలు యాదృచ్ఛికముగా తమ వంతు సంఖ్యను ఎన్నుకొనుటచే ఈ భారమును తప్పించుకొనును. కాని రెండు చీటీలు ఒకే సంఖ్యను ఎన్నుకొన్నచో ఢీకొని ఆ వంతు వ్యర్థమగును.

అన్నిటికంటె పెద్దది, అందిన శక్తికి అనుపాతముగా విద్యుత్తు లభించునను ఊహ. వాస్తవమున ఒక కనీస బలము లేనిదే గ్రాహకములోని డయోడు తగినట్లు పనిచేయదు. ఆ హద్దుకు ఆవల నున్న పరికరమునకు ఎంత కాలమిచ్చినను ప్రయోజనము లేదు. కేంద్రమును దగ్గరకు చేర్చుటయే శరణ్యము.

లెక్కలో న్యాయమును చేర్చుట ఈ వ్యాసపు ఘనత. ఆ న్యాయము పొలమునందును నిలువవలెనన్నచో, కాలమును పంచుటకు ముందు కడపటి పరికరము అసలు మేల్కొనునా యని చూడవలెను.