తాళంచెవి ముందు, తాళం తరువాత

మెథోట్రెక్సేట్ గురించి మీ పాఠ్యగ్రంథం ఏం చెబుతుంది? కణంలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము ఉంది, డి.ఎన్.ఎ. తయారీకి అవసరమైన ఫోలేట్ రూపాన్ని అందించేది అదే; ఈ మందు ఫోలిక్ ఆమ్లం వేషంలో వెళ్ళి దాన్ని పట్టేస్తుంది; కాన్సర్ కణవిభజన ఆగిపోతుంది. పక్కన తాళం, నకిలీ తాళంచెవి బొమ్మ. పరీక్షకు ఇది చాలు. కానీ జరిగిన వరుస ఇది కాదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంయోగాలను ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి చూశాడు. రోగం తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. అయితే ఆ ఆమ్లానికి అడ్డుపడే పదార్థం ఇస్తే? లెడర్లీ రసాయనజ్ఞులు ఆ అణువులో ఒక హైడ్రాక్సిల్ గుంపు స్థానంలో అమైనో గుంపును చేర్చి అమినాప్టెరిన్ చేశారు. (మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే, ఒక మిథైల్ గుంపు అదనం.) 1948 జూన్‌లో ఫార్బర్ బృందం ఫలితాలు ప్రకటించింది: 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు, అదీ తాత్కాలికం. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఈ మందులు ఆ ఎంజైమును నిరోధిస్తాయని పరిశోధకులు చూపింది మాత్రం 1958లో!

విటమిన్‌ను పోలిన పదార్థం విటమిన్ పనిని చెడగొట్టగలదన్న ఊహ అప్పటికే ఉంది, కాదనను. అయినా తాళం ఏదో తెలియకుండానే చెవి తయారైంది. పాఠం ఈ పదేళ్ళను మింగేసింది. దాంతో, రోగం ముదిరి దారి చూపిన ఆ పిల్లలు కూడా కథలోంచి మాయమయ్యారు. నా అసలు అభ్యంతరం అదే.

బొమ్మతోనూ పేచీ ఉంది. అందులో తాళం కాన్సర్ కణానికి మాత్రమే ఉన్నట్టు అనిపిస్తుంది. అదే ఎంజైము ఎముక మజ్జలోనూ, నోటి పొరలోనూ ఉంది. అందుకే నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి. మందు పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు మామూలు కణాలను కాపాడటానికి వెనువెంట ల్యూకోవోరిన్ ఇవ్వవలసి వస్తుంది. పైగా, మందుకు లొంగని కొన్ని కణాల్లో ఈ ఎంజైము జన్యువు ఎన్నో ప్రతులుగా పెరిగిపోయిందని 1978లో షిమ్‌కే బృందం కనుగొంది. అంటే చెవి ఇరుక్కున్న తాళాన్ని వదిలేసి, కణం కొత్త తాళాలు చేసుకుంటూ పోయిందన్నమాట. మీ పుస్తకంలోని బొమ్మలో తాళం ఒక్కటే.