గోదాన్‌లో ఆవు ఖరీదు

పదో తరగతి పిల్లల్ని 'గోదాన్‌లో ఆవు దేనికి ప్రతీక?' అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: రైతు ఆశకు. ఆ జవాబు తప్పని నేననను. కాని అది వ్రాయటంతో నవలతో పని తీరిపోతుంది. ఇతివృత్తం, పాత్రలు, ప్రతీకలు అని మూడు గళ్ళు గీసి నవలను వాటిలో సర్దటం మనమే వాళ్ళకు నేర్పాం. గడిలో పట్టనిది పిల్లవాడి కంటపడదు. ఆమాటకొస్తే విమర్శకులం అనుకునే మన కంటా చాలాసార్లు పడదు.

హిందీ వాచకంలో ప్రేమ్‌చంద్ కథ చదువుకున్న పిల్లలకు ఈ నవలను తెలుగులో కొన్ని వారాలపాటు సాయంత్రాలు చదివి వినిపించాను. 1936లో వెలువడిన ఈ నవల ఆయన పూర్తిచేసిన వాటిలో చివరిది. ఆ ఏప్రిల్‌లోనే లక్నోలో అభ్యుదయ రచయితల తొలి అఖిల భారత మహాసభకు అధ్యక్షత వహించి, అక్టోబరులో ఆయన కన్నుమూశాడు.

ఈసారి ప్రతీక మాట ఎత్తకుండా, నల్లబల్ల మీద హోరీ పద్దు వ్రాయించాను. భోలా దగ్గర ఆవు: ఎనభై రూపాయలు, అరువు. తమ్ముడు హీరా అసూయతో దానికి విషం పెట్టాడు. ఆవు పోయింది. కొడుకు గోబర్ భోలా కూతురు ఝునియాను గర్భవతిని చేసి, ఇంటి ముంగిట వదిలి పట్నం పారిపోయాడు. ఆమెను ఇంట్లోకి రానిచ్చినందుకు పంచాయతీ జరిమానా: నూరు రూపాయల రొక్కం, ముప్ఫై మణుగుల ధాన్యం. ఆవు బాకీ కింద భోలా ఎడ్లను తోలుకుపోయాడు. ఎడ్లు లేని రైతు తన పొలంలోనే దాతాదీన్ పండితుడికి సగపాలు పంచి పనిచేశాడు. చివరికి కూతురు రూపాను వయసు మళ్ళిన రామ్‌సేవక్‌కిచ్చి రెండు వందలు తీసుకున్నాడు.

పద్దు ఇంతవరకూ వచ్చేసరికి వెనక బల్ల మీద కూర్చున్న ఒక అమ్మాయి, "ఆవు చచ్చింది గాని అప్పు చావలేదు సార్" అన్నది. ఆ తరగతిలో సగం మంది ఇళ్ళల్లో పాడిగేదె వచ్చింది అప్పు మీదే. ప్రతీకను గురించి ఇంతకంటె మంచి వాక్యం నేను విమర్శ గ్రంథాల్లో చదవలేదు. ఆవు ఆశే. కాని ఆ ఆశ అరువుకు దొరికింది. ఖరీదు చెప్పకుండా ఆశ అంటే భూస్వామ్య వ్యవస్థ తప్పుకుపోతుంది, హోరీ దురదృష్టం ఒక్కటే మిగులుతుంది.

పాత్ర చిత్రణ విషయంలోనూ ఇదే ప్రమాదం. 'హోరీ అమాయకుడు, ధర్మాత్ముడు' అని గైడులో ఉంటుంది. వెదుళ్ళ బేరంలో తమ్ముళ్ళకు తెలియకుండా కాస్త డబ్బు మిగుల్చుకోవాలని చూసినవాడు అమాయకుడా? మళ్ళీ పెళ్ళాడాలన్న భోలా కోరికను ఎరగా వాడి ఆవును తెచ్చుకున్నది ఇతడే. తమ్ముణ్ణి కాపాడటానికి కొడుకు మీద ఒట్టుపెట్టి అబద్ధమాడినదీ ఇతడే. ఝునియాను గెంటేస్తే బాకీ అడగనని భోలా అన్నా, ఎడ్లను వదులుకున్నాడు గాని ఆమెను వదలలేదు. ఏ మర్యాద అతణ్ణి మహాజనుల కాళ్ళ దగ్గర కట్టేసిందో ఆ మర్యాదే అతణ్ణి మనిషిగానూ నిలబెట్టింది. ఈ చిక్కును విప్పకుండా అతనికి 'దోపిడీకి గురైన రైతు' అని పేరుపెట్టి ఊరుకోవటం మన అభ్యుదయ విమర్శకు పాత జబ్బు.

పట్నం భాగం పిల్లలకు విసుగు పుట్టించింది. మాలతీ మెహతాల చర్చలు నాకూ దీర్ఘంగానే తోచాయి. అయినా ఆ భాగాన్ని కత్తిరించిన సంక్షిప్త ప్రతుల్ని నేను ఒప్పుకోను. జమీందారు రాయ్ సాహెబ్ సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళివచ్చినవాడు. తన కష్టాలను హోరీకి ఎంతో ఆర్ద్రంగా చెప్పుకుంటూ ఉండగా, తిండి పెట్టనిదే వెట్టి చెయ్యమన్నారని కబురు వస్తుంది. అంతే, ఆ ఆర్ద్రత కాస్తా కళ్ళెర్రజెయ్యటంగా మారిపోతుంది. ఆ ఒక్క ఘట్టం చాలు. ఇక ఖన్నా చక్కెర మిల్లు లేకపోతే, హోరీ చెరకు డబ్బు చేతికందకుండానే వడ్డీవాడి పాలయ్యే దృశ్యానికి అవతలి ఒడ్డు కనపడదు.

చివరి ఘట్టం దగ్గర తరగతి రెండుగా చీలింది. మనవడికి పాలకోసం ఆవును కొనాలని, రోజుకు ఎనిమిది అణాలకు కంకర తవ్వుతూ హోరీ వడదెబ్బకు కూలిపోతాడు. గోదానం చేయించమంటారు చుట్టూ ఉన్నవాళ్ళు. తాడు పేని అమ్మిన ఇరవై అణాలు తెచ్చి, ఇంట్లో ఉన్నది ఇంతేనని ధనియా దాతాదీన్‌తో అంటుంది.

ఇది తిరుగుబాటని కొందరు పెద్దలు వ్రాశారు. మా పిల్లవాడొకడు ఒప్పుకోలేదు. "ఇంతకుముందు దారోగా లంచానికి తెచ్చిన డబ్బు లాక్కుని విసిరికొట్టింది కదా. ఇప్పుడెందుకు ఇచ్చింది?" అన్నాడు. నేను సర్దిచెప్పబోయి ఆగిపోయాను. వాడి ప్రశ్నే సరైన విమర్శ. నాడు ఆమె విసిరినది అప్పు తెచ్చిన డబ్బు. నేడు ఇచ్చినది తన రెక్కల కష్టం. నాడు కాపాడుకోవటానికి ఇల్లు ఉన్నది, హోరీ ఉన్నాడు. ప్రేమ్‌చంద్ ఆమె చేత నినాదం పలికించలేదు, స్పృహతప్పి పడిపోయిందని వ్రాసి నవల ముగించాడు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఏం వ్రాయాలని ఆ పిల్లవాడు నన్ను అడిగాడు. వాడు అన్నమాటే వ్రాయమన్నాను.